ప్లాస్మా కాలువలో ఊగిన కాంతి: ఒక ప్రాజెక్టు కేస్ స్టడీ

ఇది కడపలో ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చివరి సెమిస్టరు ప్రాజెక్టుగా జరిగిన పని. గైడుగా నేను ఉన్నాను. విద్యార్థిని పేరు, కాలేజీ, ఏ ఏడాది జరిగిందన్నది రాయడం లేదు. జరిగిన సంగతి మాత్రం రాయమని ఆమే చెప్పింది, రాశాక చదివి చూసింది కూడా. ఇందులో ఒక తప్పు జవాబు అచ్చం సరైన జవాబు లాగే కనిపించి, దాదాపు రిపోర్టులోకి వెళ్ళిపోయింది. ఎక్కడ ఏం ఆలోచించి ఆపగలిగామో రాసి పెడితే, ప్రాజెక్టులు చేయించే తోటి లెక్చరర్లకు, చేసే పిల్లలకు ఉపయోగపడుతుందని నా నమ్మకం.

నేపథ్యం

లేజర్ కాంతిని ఎంత సన్నగా ఫోకస్ చేస్తే అది అంత త్వరగా విచ్చుకుంటుంది. 0.8 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని 30 మైక్రాన్ల వ్యాసార్థానికి కుదించామనుకోండి. మూడున్నర మిల్లీమీటర్లు పోయేసరికి ఆ మచ్చ వైశాల్యం రెండింతలవుతుంది. ఈ దూరాన్ని రాలే పొడవు అంటారు. మామూలు పనులకు ఇది ఇబ్బంది కాదు. కానీ 1979లో తజిమా, డాసన్ ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. తీవ్రమైన లేజర్ పల్స్, అంటే అతి పొట్టి కాంతి తునక, ప్లాస్మాలో (అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయిన గ్యాస్‌లో) దూసుకుపోతుంటే, పడవ వెనక నీటిలో అల లేచినట్టు దాని వెనక ఎలక్ట్రాన్ల అల లేస్తుంది. ఆ అల మీద ఎలక్ట్రాన్లను ఎక్కిస్తే చాలా తక్కువ దూరంలోనే అపారమైన శక్తి వస్తుంది. అయితే పల్స్ మూడు మిల్లీమీటర్లకే విచ్చుకుపోతే అల కూడా అక్కడే చచ్చిపోతుంది. అది సెంటీమీటర్ల కొద్దీ సన్నగానే సాగాలి.

గాజు ఫైబర్‌లో పంపుదామంటే ఆ తీవ్రతకు గాజు నిలవదు. ప్లాస్మా సంగతి వేరు, అందులో అణువులు ఎప్పుడో విడిపోయాయి, ఇంక చెడడానికేమీ లేదు. అందుకని ప్లాస్మాతోనే కాంతికి కాలువ తవ్వుతారు. ప్లాస్మాలో ఎలక్ట్రాన్లు చిక్కగా ఉన్నచోట వక్రీభవన గుణకం తక్కువ, పలచగా ఉన్నచోట ఎక్కువ. ఈ గుణకం ఎక్కువున్న వైపుకే కాంతి వంగుతుంది. కాబట్టి నడుమ పలచగా, చుట్టూ చిక్కగా ఉండే ప్లాస్మా గొట్టం తయారుచేస్తే కాంతి అందులోనే నిలిచి సాగుతుంది.

ఆ గొట్టాన్ని కూడా లేజరే తవ్వుతుంది. 1993లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో డర్ఫీ, మిల్చ్‌బర్గ్ దీన్ని చేసి చూపించారు. ఆక్సికాన్ అనే శంకు ఆకారపు కటకం కాంతిని ఒక చుక్క దగ్గర కాకుండా ఒక పొడుగాటి గీత వెంబడి కూడగడుతుంది. ఆ గీత వెంట గ్యాస్ అయనీకరణమై (ఎలక్ట్రాన్లు ఊడి ప్లాస్మాగా మారి) వేడెక్కుతుంది. వేడెక్కిన ప్లాస్మా పక్కలకు ఎగదన్నుకుని వ్యాపిస్తుంది, కొన్ని నానోసెకండ్లలో నడుమ పలచబడి అంచుల్లో గట్టు కడుతుంది. సరిగ్గా అప్పుడు అసలు పల్స్‌ను పంపుతారు. ఆ పద్ధతిలో ఎలక్ట్రాన్లు అయాన్లను గుద్దుకునే వేడెక్కాలి కాబట్టి గ్యాస్ బాగా చిక్కగా ఉండాల్సి వచ్చేది. 2018లో ఆక్స్‌ఫర్డ్ బృందం, అతి పొట్టి పల్స్ తన విద్యుత్ క్షేత్రంతోనే ఎలక్ట్రాన్లను ఊడబెరికే పద్ధతితో పలచటి గ్యాస్‌లోనూ కాలువ తీయవచ్చని చూపింది. లేజరుతో కాకుండా సన్నటి గొట్టంలో విద్యుత్ పంపి కాలువ తీసే దారి కూడా ఉంది. బర్క్‌లీలోని లారెన్స్ ప్రయోగశాల 2006లో ఆ దారిలోనే 3.3 సెంటీమీటర్లలో ఎలక్ట్రాన్లకు 100 కోట్ల ఎలక్ట్రాన్ ఓల్ట్ల శక్తిని ఇచ్చింది. 2024లో అదే ప్రయోగశాల లేజరుతో తీసిన 30 సెంటీమీటర్ల కాలువలో 920 కోట్లకు చేరింది.

మన దేశంలో ఇండోర్‌లోని రాజా రామన్న పరిశోధన కేంద్రంలో (ఆర్ఆర్‌క్యాట్) 150 టెరావాట్ల (టెరావాట్ అంటే లక్ష కోట్ల వాట్లు) లేజర్ ఉంది. మా ల్యాబులో కడప బండ మీద బిగించిన ఒక హీలియం నియాన్ లేజరు, కొన్ని కటకాలు, రెండు డెస్క్‌టాప్‌లు ఉన్నాయి. కాబట్టి ఈ అంశం మీద మేం చేయగలిగింది సిమ్యులేషన్. కాలువ ఉందనుకుని, అందులో కాంతి ఎలా సాగుతుందో పైథాన్‌లో లెక్కగట్టడం. పల్స్ బలం తక్కువనే అనుకున్నాం. బలమైన పల్స్ తనంతట తాను కూడా కుదించుకుంటుంది. మేం తీసుకున్న సాంద్రతకు ఆ పరిస్థితి దాదాపు 30 టెరావాట్ల దగ్గర మొదలవుతుంది. మొదట కాలువ సంగతి తేలాలి కాబట్టి దాని జోలికి పోలేదు.

సమస్య

కాలువ నడుమ ఎలక్ట్రాన్ సాంద్రత క్యూబిక్ సెంటీమీటరుకు 10¹⁸. అక్కణ్ణుంచి పక్కలకు పారబోలా ఆకారంలో పెరుగుతుంది. 30 మైక్రాన్ల కాంతికి సరిపోవాలంటే నడుమ నుంచి 30 మైక్రాన్ల దూరంలో సాంద్రత ఎంత పెరగాలో చెప్పే సూత్రం ఉంది. లెక్క వేస్తే 1.25 × 10¹⁷ వస్తుంది. గుణకంలో ఆ తేడా ఎంతో తెలుసా? లక్షలో 3.6 వంతులు. అంత చిన్న తేడా కాంతిని పట్టి ఉంచుతుందన్నది నాకు ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆశ్చర్యంగానే ఉంటుంది.

సూత్రం ప్రకారం సాంద్రత పెట్టి, 30 మైక్రాన్ల కాంతిని పంపితే అది ఐదు సెంటీమీటర్ల కాలువ పొడవునా 30 దగ్గరే నిలకడగా ఉండాలి. ఆమె ప్రోగ్రాములో అలా జరగలేదు. మచ్చ 30 దగ్గర మొదలై 15కు కుంచించుకుపోయి, మళ్ళీ 30కి విచ్చుకుని, మళ్ళీ 15కు పడిపోతోంది. గ్రాఫు చూస్తే ఊపిరి తీసి వదులుతున్నట్టు ఉంది. ప్రింటవుట్ పట్టుకుని వచ్చింది. సమర్పణకు నెలన్నర గడువుంది. పిల్ల ముఖంలో టెన్షన్ తెలుస్తోంది.

ప్రయత్నించినవి

ఆమె మొదట అనుమానించింది లెక్క సూక్ష్మతను. అందరం అక్కడే మొదలుపెడతాం. అప్పటికి అడ్డంగా 300 మైక్రాన్ల పెట్టెలో 512 గళ్ళు ఉన్నాయి, కాంతిని 50 మైక్రాన్ల అడుగులతో ముందుకు జరుపుతోంది. గళ్ళను 1024 చేసింది, అడుగును సగం చేసింది, తర్వాత ఇంకో సగం చేసింది. "గ్రిడ్ ఎంత సన్నం చేసినా అట్లనే ఊగతాంది సార్" అంది.

ఇక్కడ ఒక్క మాట. ఈ ప్రయత్నం విఫలమైందని ఆమె బాధపడింది కానీ, నాకు అది మంచి సమాచారంగా కనిపించింది. సూక్ష్మత పెంచినా ఫలితం దశాంశ స్థానాల దాకా కదల్లేదంటే, ప్రోగ్రాము తనకిచ్చిన సమీకరణాన్ని సరిగ్గానే సాధిస్తోందన్నమాట. మనం ఇచ్చిన సమీకరణంలోనో, ఇచ్చిన కాంతిలోనో తేడా ఉంది. అప్పుడే ఈ సంగతి గట్టిగా చెప్పి ఉండాల్సింది. "ఇంకోసారి సూత్రాలు చూసుకో" అని మాత్రం చెప్పి పంపాను. దానివల్ల ఒక వారం పోయింది.

ఆ వారంలో ఆమె వేరే దారి పట్టింది. కాలువ గోడల ఏటవాలును ఒక గుణకంతో గుణిస్తూ, ఆ గుణకాన్ని మార్చి మార్చి చూసింది. 0.8 పెడితే ఊగడం కాస్త తగ్గింది. 0.5 పెడితే ఇంకా తగ్గింది. 0.25 దగ్గర గీత నున్నగా, సమంగా, మొదటి నుంచి చివరి దాకా 30 మీద నిలిచిపోయింది. వెంటనే ఫోన్ చేసింది. "పావు పెడితే కుదిరింది సార్. ఇంగ ఊగడం లేదు." రిపోర్టు డ్రాఫ్టులో కూడా రాసేసింది, సంఖ్యాత్మక పద్ధతి వల్ల వచ్చిన దోషాన్ని సవరించడానికి 0.25 అనే సవరణ గుణకం వాడామని.

నిజం చెప్పాలంటే ఆ గ్రాఫు చూడముచ్చటగా ఉంది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కూడా దాన్ని దాటి వెళ్ళిపోయేవారేమో. నన్ను ఆపింది ఆ అంకె. 0.25. దోషం సంఖ్యాత్మక పద్ధతిలో ఉంటే సవరణ 0.27 అనో 0.231 అనో వస్తుంది, గ్రిడ్ మారిస్తే అదీ మారుతుంది. సరిగ్గా పావు వచ్చిందంటే దాని వెనక ఎవరో రెండును ఎక్కడో మరిచిపోయారని అర్థం. సూత్రంలో వ్యాసార్థం నాలుగో ఘాతంలో ఉంటుంది. నాలుగో ఘాతంలో నాలుగు రెట్ల తేడా అంటే, వ్యాసార్థంలో రెండు వర్గమూలం రెట్ల తేడా. ఎక్కడో 30 ఉండాల్సిన చోట 42.4 ఉంది. అంతవరకు ఊహించగలిగాను. అది కాలువలో ఉందా, కాంతిలో ఉందా, కొలతలో ఉందా అన్నది మాత్రం తెలియలేదు.

తప్పు గ్రాఫు దగ్గరికి తిరిగి వెళ్ళడం

ఇక్కడ తీసుకున్న నిర్ణయం ఈ కేసులో ముఖ్యమైనది. కుదిరిన గ్రాఫు పక్కన పెట్టి, పావు తీసేసి, ఊగుతున్న పాత గ్రాఫే మళ్ళీ తెమ్మన్నాను. ఆమెకు నచ్చలేదు. కష్టపడి కుదిర్చిన దాన్ని చెడగొట్టమంటే ఎవరికి నచ్చుతుంది? కానీ సమంగా ఉన్న గీతలోంచి మనం రాబట్టగలిగింది ఒక్క అంకె, ఆ 30 మాత్రమే. ఊగే గీతలో మూడు అంకెలున్నాయి. ఎంతదాకా విచ్చుకుంది, ఎంతదాకా కుంచించుకుంది, ఎంత దూరానికి ఒకసారి ఊగింది. తప్పు ఎక్కడుందో ఆ మూడింటినీ అడగొచ్చు.

ఆమెకు ఊయలతో చెప్పాను. ఊయలను మెల్లగా తోసినా, ఇంకాస్త గట్టిగా తోసినా, ఒక ఊపుకు పట్టే సమయం దాదాపు మారదు. అది తాడు పొడవును బట్టి ఉంటుంది. ఎంత దూరం ఊగుతుందన్నది మనం తోసిన తోపును బట్టి ఉంటుంది. పారబోలా కాలువలో బలహీనమైన కాంతి కూడా ఇలాగే. ఒక ఊపుకు పట్టే దూరం కాలువ స్వభావం. ఊగే మేర, కాంతి కాలువకు ఎంత నప్పకుండా లోపలికి వచ్చిందన్న దానికి గుర్తు. ఇంకొకటి, విచ్చుకున్నప్పటి వ్యాసార్థాన్ని కుంచించుకున్నప్పటి వ్యాసార్థంతో గుణిస్తే, కాలువకు నప్పే వ్యాసార్థపు వర్గం వస్తుంది.

ప్రింటవుట్ బల్ల మీద పరిచి, పెన్సిల్‌తో శిఖరాలు గుర్తు పెట్టమన్నాను. 0, 11.1, 22.2, 33.3, 44.4 మిల్లీమీటర్లు. ఊపు పొడవు 11.1. దాన్ని π (3.14)తో భాగిస్తే 3.53 మిల్లీమీటర్లు, అది కాలువ తాలూకు రాలే పొడవు. దాన్నుంచి వెనక్కి లెక్కగడితే కాలువకు నప్పే వ్యాసార్థం 30 మైక్రాన్లు. అంటే కాలువ సరిగ్గానే ఉంది.

తర్వాత రెండో లెక్క. 30ని 15తో గుణిస్తే 450, వర్గమూలం 21.2. ఈ లెక్క ప్రకారం కాలువకు నప్పే వ్యాసార్థం 21.2 మైక్రాన్లు.

ఒకే కాలువ, ఒకే రన్, రెండు జవాబులు. ఆమె పెన్సిల్ పక్కన పెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు. తర్వాత ఆమే అంది, మొదటి లెక్క పొడుగున కొలిచింది, రెండోది అడ్డంగా కొలిచింది అని. అంతే, అక్కడ దొరికింది. పొడుగున మిల్లీమీటర్లు కొలవడానికి ప్రోగ్రాములో అడుగులు లెక్కపెడితే చాలు, అందులో తప్పు పోవడానికి చోటు లేదు. అడ్డంగా మచ్చ వ్యాసార్థం కొలవాలంటే మాత్రం "ఎక్కడిదాకా మచ్చ అనాలి" అన్న నియమం కావాలి. అంచు గీసినట్టు ఉండదు కదా, కాంతి మెల్లగా పలచబడిపోతుంది. ఆ నియమమే తేడాగా ఉంది.

ఈ రంగంలో వాడుక ఏమిటంటే, విద్యుత్ క్షేత్రం నడుమ ఉన్నదానిలో 37 శాతానికి పడిపోయే చోటును వ్యాసార్థం అంటారు. తీవ్రత క్షేత్రపు వర్గం కాబట్టి అక్కడ తీవ్రత 13.5 శాతమే ఉంటుంది. ఆమె రాసిన కోడులో, తీవ్రత 37 శాతానికి పడే చోటును వ్యాసార్థం అనుకుంది. స్టాటిస్టిక్స్ పేపరులో గాసియన్ (గంట ఆకారపు వక్రం) సూత్రం రాసీ రాసీ అలవాటైన చేయి, హారంలో ఒక రెండు అదనంగా పెట్టింది. కాబట్టి ఆమె 30 అనుకుని పంపిన కాంతి నిజానికి 42.4 మైక్రాన్లది. అది 42.4కు, 21.2కు మధ్య ఊగుతోంది. కొలిచే ఫంక్షన్‌లో కూడా అదే నియమం రాసింది కాబట్టి, 42.4ను 30 అని, 21.2ను 15 అని చూపిస్తోంది. తప్పు తూకంరాయితో తూచి, అదే తూకంరాయితో సరిచూసుకున్నట్టయింది. పావు పెట్టినప్పుడు జరిగింది కూడా ఇప్పుడు తెలిసిపోయింది. కాలువ 42.4 మైక్రాన్ల కాంతికి నప్పేలా వెడల్పైంది, కొలబద్ద దాన్ని 30 అని చూపించింది. ఆ రిపోర్టు అలాగే పోయి ఉంటే, కాలువలో తీవ్రత చెప్పినదానిలో సగమే ఉండేది.

కారణం దొరికిందనిపించినా, ఇంకో పరీక్ష పెట్టకుండా సరిదిద్దవద్దన్నాను. కథ బాగా అతికినప్పుడే కదా మనం మోసపోయేది, పావు విషయంలో అయ్యింది అదే. కాలువను పూర్తిగా తీసేసి, ఖాళీలో కాంతిని పంపి చూడమన్నాను. మా అనుమానం నిజమైతే మచ్చ వైశాల్యం రెండింతలు కావడానికి 3.53కు బదులు 7.07 మిల్లీమీటర్లు పట్టాలి. ఆ అంకెను రన్ చేయకముందే కాగితం మీద రాసి సంతకం పెట్టించాను. రన్‌లో 7.07 వచ్చింది. అప్పుడే ఆ అదనపు రెండును తీసేశాం. పావు లేకుండానే గీత 30 మీద నిలిచింది.

రెండో చిక్కు: అతిగా బాగున్న ఫలితం

ఇక్కడితో ప్రాజెక్టు అయిపోయేదే. కానీ అనంతంగా పెరుగుతూ పోయే గోడలున్న కాలువ పుస్తకంలో తప్ప ఎక్కడా ఉండదు. నిజమైన కాలువలో సాంద్రత కొంత దూరం పెరిగి, గట్టు దాటాక పడిపోతుంది. దాని అవతల అయనీకరణం కాని మామూలు గ్యాస్. కాంతి ఆ గట్టులోంచి కొద్ది కొద్దిగా ఊరిపోతుంది. అందుకని గోడను 45 మైక్రాన్ల దగ్గర ఆపి, అవతల ఎలక్ట్రాన్లు లేనట్టు పెట్టి చూడమన్నాను.

రెండు రోజుల్లో ఫలితం తెచ్చింది. ఐదు సెంటీమీటర్ల చివర కాంతి శక్తి నూటికి నూరు శాతం ఉంది. ఈసారి నేను నోరు తెరవకముందే తనే అంది. వాళ్ళది కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద ఊరు, చివరి ఆయకట్టు. "సుంకేసుల దగ్గర వదిలిన నీళ్ళన్నీ మా ఊరికి అట్లనే వచ్చినాయంటే ఎవరన్నా నమ్ముతారా సార్?" సుమారు 300 కిలోమీటర్ల కాలువ అది. గట్ల ఊట, గండ్లు, మధ్యలో వాడకాలు పోగా చివరికి చేరేదెంతో చిన్నప్పటి నుంచి చూసిన పిల్ల. ఆ మాట విన్నాక ఈ ప్రాజెక్టు గురించి నాకు బెంగ పోయింది.

ఎక్కడ తప్పుతోందో వెతకడం ఈసారి త్వరగా అయ్యింది. ఆమె మొత్తం పెట్టెలోని శక్తిని కూడుతోంది. ఆమె వాడిన ఎఫ్ఎఫ్‌టీ పద్ధతిలో (కాంతిని అలలుగా విడగొట్టి లెక్కగట్టేది) పెట్టెకు గోడలుండవు. కుడి అంచు నుంచి బయటికి పోయిన కాంతి ఎడమ అంచులోంచి లోపలికి వచ్చేస్తుంది. ఊరిపోయిన కాంతి ఎక్కడికీ పోకుండా పెట్టెలోనే తిరుగుతుంటే, మొత్తం ఎప్పుడూ నూరే వస్తుంది. సరే, గట్టు లోపల ఉన్న శక్తిని మాత్రమే కూడమన్నాను. గీత కిందికి దిగింది, కానీ నున్నగా దిగలేదు. మధ్యమధ్యలో కాస్త పైకి లేస్తోంది. కాలువలోకి దారిలో ఎవరూ కాంతి పోయడం లేదు కదా, మరి ఎలా పెరుగుతుంది? తిరిగి వచ్చిన కాంతి కాలువను దాటుకుంటూ పోతోంది, అంతే. పెట్టె వెడల్పు రెట్టింపు చేస్తే ఆ ఎగుడుదిగుళ్ళ చోట్లు మారిపోయాయి. ప్రకృతికి మన పెట్టె ఎంత వెడల్పో తెలియదు. పెట్టె మారిస్తే మారేది ఏదైనా ప్రకృతిది కాదు, పెట్టెదే.

మందు తెలిసిందే, అంచుల్లో కాంతిని పీల్చే పొర పెట్టడం. మొదటిసారి పెట్టిన పొర పని చేయలేదు. కొన్ని గళ్ళ మందంలో ఒక్కసారిగా పీల్చేలా రాసింది. అంత హఠాత్తుగా మార్పు వస్తే కాంతికి అది అద్దంలా అనిపిస్తుంది, లోపలికి పోకుండా వెనక్కి తిరుగుతుంది. ఊరిపోయే కాంతి అడ్డంగా ఎంత దూరానికి ఒక అల పూర్తి చేస్తుందో లెక్కగట్టమన్నాను. సుమారు 32 మైక్రాన్లు వచ్చింది. పొర దానికంటే బాగా మందంగా, మెల్లగా చిక్కబడేలా ఉండాలి. పెట్టెను 600 మైక్రాన్లు చేసి, నాలుగు వైపులా వందేసి మైక్రాన్ల పొర, పీల్చే గుణం సున్నా నుంచి మెల్లగా పెరిగేలా పెట్టింది. గీత నున్నగా దిగింది. లాగ్ స్కేలు మీద గీస్తే దాదాపు తిన్నని గీత. పెట్టె వెడల్పు మార్చినా కదల్లేదు.

అప్పుడు అసలు జవాబు కనిపించింది. 45 మైక్రాన్ల గట్టుతో ఐదు సెంటీమీటర్ల చివర కాంతి సగం కన్నా బాగా తక్కువే మిగిలింది. గట్టును 60కి జరిపితే పోయింది సుమారు పదో వంతు మాత్రమే. పదిహేను మైక్రాన్ల గట్టు, తలవెంట్రుక మందం కూడా కాదు, ఇంత తేడా తెచ్చింది. కాంతి గట్టును దాటే అవకాశం గట్టు మందంతో పాటు అతి వేగంగా తగ్గిపోతుంది, అందుకే.

ఇది చూశాకే ఆమెకు ఇటీవలి ప్రయోగాలు ఎందుకు అలా చేశారో అర్థమైంది. పలచటి గ్యాస్‌లో లేజరుతో తవ్విన కాలువలకు గట్లు పలచగా ఉంటాయి, కాంతి త్వరగా ఊరిపోతుంది. 2020లో మేరీలాండ్, ఆక్స్‌ఫర్డ్ బృందాలు రెండూ దీనికి ఒకే రకమైన ఉపాయం వాడాయి. ప్లాస్మా వ్యాపించేటప్పుడు చుట్టూ ఉన్న మామూలు గ్యాస్‌ను నెట్టి కుప్ప పోస్తుంది. కాలువలో సాగే పల్స్ అంచులే ఆ గ్యాస్‌ను అయనీకరణం చేస్తే, అక్కడ ఎలక్ట్రాన్లు పుట్టి కొత్త గట్టు లేస్తుంది. కాలువలో పోయే నీరే తన గట్టును తాను కట్టుకుంటూ పోయినట్టు. అంతకుముందు ఆ వ్యాసాలు చదివినప్పుడు అదొక అదనపు వివరంలా దాటేశానని ఆమె చెప్పింది.

ఇంకో చిన్న పరీక్ష ఆమే సొంతంగా చేసింది. సరిదిద్దిన ప్రోగ్రాములో, 60 మైక్రాన్ల గట్టున్న కాలువలోకి కావాలనే 42.4 మైక్రాన్ల కాంతిని పంపింది. పాత గ్రాఫులో ఊగడం చివరిదాకా ఒకే మేరకు సాగింది. ఇప్పుడు ఊగుతూ ఊగుతూ తగ్గి, 30 వైపు సర్దుకుంటోంది. కారణం ఉంది. నప్పని కాంతిలో కొంత భాగం కాలువలో ఇంకాస్త వెడల్పుగా పరుచుకునే రూపాల్లోకి పోతుంది. అవి గట్టుకు దగ్గరగా ఉంటాయి కాబట్టి ముందుగా ఊరిపోతాయి. నప్పిన భాగం నిలుస్తుంది. అంటే ఊట నష్టమే కాదు, వడపోత కూడా. నాకు చెప్పకుండా చేసిన ఈ గ్రాఫే రిపోర్టులో అన్నిటికన్నా మంచి పేజీ అయ్యింది.

నేర్చుకున్నవి

నా వైపు నుంచి మారినవి చెబుతాను. ఇప్పుడు ఏ ప్రాజెక్టులోనైనా, సూక్ష్మత పెంచినా కదలని తప్పు కనిపిస్తే, ఆ రోజే కూర్చుని "ఇది ప్రోగ్రాము తప్పు కాదు, మనం ఇచ్చినదాంట్లో ఉంది" అని విద్యార్థికి చెబుతున్నాను. ఆ వారం ఆలస్యం నా వల్ల జరిగింది.

సవరణ గుణకాలను డ్రాఫ్టులో చూస్తే ముందు ఆ అంకెనే చూస్తాను. పావు, సగం, రెండు, నాలుగు, π లాంటి శుభ్రమైన అంకె అయితే దాన్ని వాడనివ్వను. దాని పుట్టుక దొరికే దాకా వెతకమంటాను. వెతకడానికి ముందు, కుదరని పాత ఫలితాన్ని పారేయకుండా దాచమంటాను. ఆమె పావు పెట్టాక పాత ఫైల్ డిలీట్ చేసి ఉంటే, మళ్ళీ రన్ చేయడం కష్టం కాదు గానీ, ఆ ఊగే గ్రాఫును మళ్ళీ చూడాలని మాకు అనిపించేది కాదేమో.

కొలిచే పనిముట్టును, కొలవబడేదాన్ని ఒకే చేయి, ఒకే నియమంతో రాస్తే అవి ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటాయి. అందుకని మచ్చ వ్యాసార్థాన్ని ఇప్పుడు రెండు రకాలుగా కొలిపిస్తున్నాను. ఒకటి తీవ్రత పడిపోయే చోటును బట్టి, ఇంకొకటి మొత్తం కాంతి విస్తరణ సగటును బట్టి. వాటితో పాటు కాలువ లేకుండా ఖాళీలో ఒక రన్. ఈ మూడూ కలవకపోతే కాలువ మొదలుపెట్టవద్దని చెబుతాను. ఖాళీలో రన్‌కు మా పాత డెస్క్‌టాప్ మీద కూడా కొన్ని నిమిషాలే పడుతుంది.

బాగా వచ్చిన ఫలితాన్ని కూడా ఇలాగే అడగాలన్నది నాకు ముందే తెలుసు. అయినా ఆ నూరు శాతం గ్రాఫు దగ్గర ముందు అడిగింది ఆమె.

వైవాలో ఎగ్జామినర్ ప్రశ్నలు చాలావరకు గట్టు మందం గురించే వచ్చాయి. ప్రోగ్రాము తర్వాతి బ్యాచ్ పిల్లలకు ఇచ్చాం, వాళ్ళు బలమైన పల్స్‌తో మొదలుపెట్టారు. ఫైల్ తెరవగానే పైన ఆమె తెలుగులో రాసిన వరుస ఉంటుంది: "వ్యాసార్థం అంటే ఈ ఫైల్‌లో అంతటా క్షేత్రం 37 శాతానికి, తీవ్రత 13.5 శాతానికి పడే చోటు. మైక్రాన్లలో. మార్చేటట్టయితే కొలిచే ఫంక్షన్‌లో కూడా మార్చండి, తర్వాత ఖాళీలో రన్ చేసి 3.53 వస్తుందో లేదో చూడండి."